పైకెళ్తున్న బంతి మీద చేతి బలం ఉంటుందా? చలనం, బలం పాఠాలతో నా తంటాలు

మీరు అడిగింది ఇదీ: 7, 8 తరగతుల పిల్లలు చలనం, వడి, బలం పాఠాల్లో సూత్రాలు గడగడా అప్పజెప్పేస్తున్నారు, ప్రశ్న కాస్త తిప్పి ఇస్తే మాత్రం తెల్లమొహం వేస్తున్నారు, ఏం చేయాలి అని. నేను విశాఖలో పద్నాలుగేళ్లుగా ఫిజికల్ సైన్స్ చెప్తున్నాను. మొదటి ఐదారేళ్లు నా క్లాసు కూడా అచ్చం ఇలాగే ఉండేది, పైగా అలా ఉందన్న సంగతే నాకు తెలియదు.

తెలిసిన రోజు చెప్తాను. ఎనిమిదో తరగతిలో బలం పాఠం అయిపోయింది, యూనిట్ టెస్టు పెట్టాను, మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. పేపర్లు ఇచ్చేశాక ఇంకో పది నిమిషాలు మిగిలితే సరదాగా ఒక ప్రశ్న వేశాను. బంతిని పైకి విసిరాను, అది చేతిలోంచి వెళ్లిపోయింది, ఇంకా పైకే పోతోంది, ఇప్పుడు దాని మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయో బాణాలు గీయండి. క్లాసులో నలభై మంది ఉంటారు. ముగ్గురో నలుగురో తప్ప అందరూ పైకి ఒక పెద్ద బాణం గీసి పక్కన 'చేతి బలం' అని రాశారు, ఫస్ట్ ర్యాంకు పిల్లతో సహా. పైకెళ్లేకొద్దీ ఆ బలం తరిగిపోతుందట, మొత్తం అయిపోగానే బంతి పడిపోతుందట. చేయి ఎప్పుడో వదిలేసింది కదర్రా అంటే వెనక బెంచీ కుర్రాడు లేచి, "బలం నేకపోతే పైకెలాగ ఎల్తాది టీచర్?" అన్నాడు. నేను బోర్డు మీద జడత్వం (ఏ బలమూ తగలకపోతే వస్తువు ఉన్న తీరులోనే కొనసాగడం) అని రాసి, దాని నిర్వచనం ఇంకోసారి చదివించి, బెల్లు కొట్టగానే బయటపడ్డాను.

ఇంటికొచ్చి ఆలోచిస్తే తట్టింది, చిక్కంతా ఆ మాటతోనే ఉందని. పాలు తాగితే బలం వస్తుంది అంటాం, జ్వరం తగ్గినా ఇంకా ఒంట్లో బలం లేదంటాం. తెలుగువాడికి బలం అంటే ఒకరి దగ్గర ఉండేది, వాడితే ఖర్చయ్యేది, తింటే మళ్లీ వచ్చేది. ఆ లెక్కన చేయి బంతికి కాస్త బలం ఇచ్చింది, బంతి దాన్ని మోసుకుంటూ పైకి పోయింది, అయిపోయాక కిందపడింది. ఇందులో పిల్లలు తప్పుగా ఆలోచించింది ఏమీ లేదు, వాళ్లకొచ్చిన భాషలో ఆలోచించారు, అంతే. ఆ మాటకొస్తే గెలీలియోకి ముందు, 14వ శతాబ్దంలో పారిస్‌లో పాఠాలు చెప్పిన బురిడాన్ లాంటి పెద్ద పండితులు కూడా విసిరినవాడు వస్తువులోకి ఏదో ఎక్కిస్తాడనే అనుకున్నారు. మన పుస్తకంలో బలం అలాంటిది కాదు. అది రెండు వస్తువుల మధ్య జరిగే వ్యవహారం, ఒకటి పక్కకి తప్పుకుంటే అక్కడితో సరి.

అప్పట్నుంచి నా క్లాసులో ఒకటే చట్టం. 'బలం' అని ఒంటరిగా రాయకూడదు. ఎవరు, ఎవరి మీద, ఈ రెండూ రాయాలి. 'చేయి బంతి మీద', 'భూమి బంతి మీద', 'నేల ఇటుక మీద', ఇలా. బాణం పక్కన ఈ రెండు పేర్లూ రాయలేకపోతే ఆ బాణం చెరిపేయాలి. మొదటి వారం విసుక్కుంటారు, తర్వాత వాళ్లే ఒకరినొకరు "ఎవరు? ఎవరి మీద?" అని దబాయించుకుంటారు.

వడి, వేగం దగ్గరా ఇదే గోల. మన ఊళ్లో ఎవరూ వడి అనరు, స్పీడు అంటారు, లేకపోతే వేగం అంటారు. పుస్తకంలో స్పీడుకి వడి అనీ, వెలాసిటీకి, అంటే ఎటువైపన్నది కూడా కలిపి చెప్పే వడికి, వేగం అనీ రాస్తారు. ఇప్పుడు పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి కాబట్టి పక్క పేజీ చూపించి ఇది అదీ అని ఒక్కరోజులో తేల్చేయండి, దాన్ని సాగదీయొద్దు. దిశ సంగతి చెప్పడానికి మాత్రం నాకు విశాఖ స్టేషన్ బాగా పనికొస్తుంది. విజయనగరం వైపు నుంచి వచ్చి విజయవాడ వెళ్లే రైళ్లు చాలావరకు ఇక్కడికొచ్చాక ఇంజను మార్చుకుని, వచ్చిన వైపే మళ్లీ బయల్దేరతాయి. అప్పటిదాకా ముందుకి చూస్తూ కూర్చున్నవాళ్లు వెనక్కి ప్రయాణం చేస్తారు. శ్రీకాకుళంలో అమ్మమ్మగారిల్లు ఉన్న పిల్లలు సగం మంది ఉంటారు, వాళ్లందరికీ ఇది అనుభవమే. వచ్చేటప్పుడు గంటకు 40, వెళ్లేటప్పుడు గంటకు 40 అయితే వడి మారిందా, వేగం మారిందా అని అడగండి. నిర్వచనం అక్కర్లేదు.

ఇక లెక్కలు. పుస్తకంలో లెక్క చేయించే ముందు కొలిపించండి. వరండాలో సుద్దముక్కతో 20 మీటర్లు గీసి, ఒకరు నడుస్తారు, ముగ్గురు ఫోన్లలో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తారు. నేను మొదట్లో 5 మీటర్లే గీసేదాన్ని, పిల్లల చేతులు బటన్ నొక్కడంలోనే అర సెకను తేడా వచ్చేసేది, ఆ కాస్త దూరానికి అర సెకనంటే లెక్క మొత్తం గల్లంతు. దూరం పెంచితే ఆ తేడా పెద్దగా బాధించదు. ఈ సంగతి మీరు చెప్పకండి, ముగ్గురి ఫోన్లలో మూడు అంకెలు ఎందుకొచ్చాయని అడిగి ఊరుకోండి. మామూలు నడక 20 మీటర్లకు 15 సెకన్లు పడితే సెకనుకు 1.33 మీటర్లు, అంటే గంటకు 4.8 కిలోమీటర్లు. పరుగు 5 సెకన్లయితే సెకనుకు 4 మీటర్లు, గంటకు 14.4. దాని పక్కన ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడని రాస్తే వాళ్లే లెక్కేసుకుంటారు. గంటకు 37.6 వస్తుంది, బీచ్ రోడ్డులో స్కూటీ అంత. సెకనుకు మీటర్లని గంటకు కిలోమీటర్లుగా మార్చడానికి 18/5తో ఎందుకు హెచ్చిస్తామో ఆ రోజు బట్టీ పట్టకుండానే అర్థమైపోతుంది.

సరాసరి వడికి వందేభారత్ చెప్తాను. విశాఖ నుంచి సికింద్రాబాద్ సుమారు 700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు, అంటే గంటకు 82. "అంతేనా?" అని మొహాలు మాడ్చుకుంటారు. రాజమండ్రిలో ఆగినప్పుడు దాని వడి ఎంత అని అడిగితే అప్పుడు వెలుగుతుంది. దీని తర్వాత ఒక మెలిక లెక్క. 4 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, బస్సు కొండెక్కేటప్పుడు గంటకు 20, దిగేటప్పుడు 40. అందరూ 30 అంటారు, టీచర్లు కూడా అనడం చూశాను. ఎక్కడానికి 12 నిమిషాలు, దిగడానికి 6, మొత్తం 18 నిమిషాల్లో 8 కిలోమీటర్లు, అంటే 26.7 దగ్గర తేలుతుంది. నెమ్మదిగా వెళ్లిన చోటే ఎక్కువసేపు ఉన్నాం కదా మరి.

దూరం-కాలం గ్రాఫు, అంటే మొదలుపెట్టిన చోటి నుంచి ఏ క్షణంలో ఎంత దూరంలో ఉన్నామో చూపే గీత, దాని గురించి ఒక్క మాట. గ్రాఫును పిల్లలు బొమ్మలా చూస్తారు. ఒకసారి గీత పైకి లేచి, కాసేపు అడ్డంగా సాగి, మళ్లీ కిందికి దిగే గ్రాఫు ఇచ్చి కథ రాయమంటే, ఒక పిల్ల చక్కగా "కైలాసగిరి ఎక్కాడు, పైన పార్కులో నడిచాడు, మెట్లు దిగాడు" అని రాసింది. నవ్వొచ్చింది కానీ ఆ పిల్లకే కాదు, సగం క్లాసుకి అదే అభిప్రాయం. ఇప్పుడు గ్రాఫు బోర్డు మీద గీసి, ఒకర్ని వరండాలో ఆ సుద్దగీతల మీద దాని ప్రకారం నడవమంటాను. అడ్డగీత రాగానే నడుస్తూనే ఉంటారు, మిగతావాళ్లు "ఆగు, ఆగు!" అని అరుస్తారు. కిందికి దిగే గీత అంటే తిరిగి మొదలుపెట్టిన చోటికి రావడం అని కాళ్లకి తెలిశాక మళ్లీ మర్చిపోరు.

బలం దగ్గరికొస్తే, ముందు ఘర్షణ తేల్చుకోవాలి, ఎందుకంటే 'తోయడం మానేస్తే ఆగిపోతుంది' అనేది వాళ్లు పుట్టినప్పట్నుంచీ కళ్లారా చూస్తున్నదే. క్యారమ్ బోర్డు తెప్పించండి. పౌడరు తుడిచేసి స్ట్రైకర్ కొట్టమనండి, తర్వాత పౌడరు చల్లి అంతే మెల్లగా కొట్టమనండి. వేలు రెండుసార్లూ అంతే తగిలింది, దూరం మాత్రం మారిపోయింది. మరి ఆగడానికి కారణం వేలి బలం అయిపోవడమా, బోర్డు స్ట్రైకర్ మీద చేసిన పనా? ఇక్కడ మీరు నోరు మెదపకండి, వాళ్లనే వాదించుకోనివ్వండి. తర్వాత ఒక ఇటుకకి తాడు కట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగించండి. మా బడి గచ్చు మీద కదలడానికి ముందు ముల్లు 18 న్యూటన్ల దాకా వెళ్లి, కదిలాక 15 దగ్గర పడుతుంది. ఆ వెనక్కి తగ్గడాన్ని పిల్లలే పట్టేస్తారు. కింద గుండ్రటి పెన్సిళ్లు వేస్తే ముల్లు 2 కూడా దాటదు. అప్పుడు ఎవడో ఒకడు తప్పకుండా అంటాడు, మా నాన్నావాళ్లు తెప్ప కింద దుంగలు వేసి ఇసుకలో తోస్తారు, అదేగా ఇది అని. జాలరిపేట పిల్లలకు దొర్లుడు ఘర్షణ మనం నేర్పేది ఏముంటుంది, పేరు చెప్తే చాలు.

కదలకుండా ఉన్నదాని మీద బలాలే ఉండవనే అపోహ ఇంకొకటి. దానికి ఆర్‌కే బీచ్‌లో కురుసుర ఉంది. 2001 దాకా నేవీలో పనిచేసి 2002లో మ్యూజియం అయిన జలాంతర్గామి, 91 మీటర్ల పొడవు, చూడని పిల్లలు ఉండరు. అది కదలదు కదా, మరి దాని మీద బలం లేదా? "లేదు." అయితే కింద దిమ్మెలు పీకేద్దామా? వెంటనే "అమ్మో, ఇసుకలోకి దిగబడిపోద్ది" అంటారు. ఎవరు, ఎవరి మీద? భూమి జలాంతర్గామి మీద కిందికి, దిమ్మెలు జలాంతర్గామి మీద పైకి, రెండూ సరిసమానం. ఫలిత బలం సున్నా అనే మాట ఇక్కడ పుడితే బాగుంటుంది, పుస్తకంలో కాదు.

అన్నిటికంటే కష్టమైనది చర్య, ప్రతిచర్య, అదే న్యూటన్ మూడో నియమం: ఒకటి రెండోదాని మీద ఎంత బలం చూపిస్తే, రెండోదీ దాని మీద అంతే బలం ఎదురు చూపిస్తుంది. నిజానికి అది పై తరగతుల పాఠం, కానీ ఎవరు-ఎవరి మీద మొదలుపెట్టాక ఎనిమిదిలోనే వాళ్లు అడుగుతారు, దాటేయలేం. ఒక ఏడాది కంప్యూటర్ ల్యాబులో చక్రాల కుర్చీలు రెండు తెచ్చి, ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి తోసుకోమన్నాను. ప్రయోగం అద్భుతంగా వచ్చింది, ఒకడు వెళ్లి గుమ్మానికి గుద్దుకుని మోచేయి చెక్కుకుపోయింది, హెచ్‌ఎం గారు నన్ను పిలిచి పెట్టిన చీవాట్లు ఇప్పటికీ గుర్తే. కుర్చీల జోలికి పోకండి.

దానికి బదులు రెండు స్ప్రింగ్ త్రాసులు కొక్కేలతో ఒకదానికొకటి తగిలించండి. క్లాసులో అందరికంటే బలమైన కుర్రాణ్ణి ఒకవైపు, బాగా బక్కపల్చటి పిల్లని ఇంకోవైపు నిలబెట్టండి. లాగే ముందే పందెం కట్టించండి, ఎవరి త్రాసు ఎక్కువ చూపిస్తుందని. మా క్లాసులో అందరూ ఆ కుర్రాడి మీదే కట్టారు, ఆ పిల్ల కూడా వాడి మీదే కట్టింది! లాగారు. ఇటు 30, అటు 30. కుర్రాడు మొహం ఎర్రగా చేసుకుని ఇంకా లాగాడు, అటు 40 అయింది, ఇటూ 40 అయింది. పిల్ల చేతులు నొప్పెట్టి కాస్త వదులు చేసింది, రెండూ ఒకేసారి 20కి పడ్డాయి. "అదేటి టీచర్, నేను గట్టిగానే లాగుతున్నాను కదా" అని వాడికి కోపం. క్లాసంతా నిశ్శబ్దం. అప్పుడు ఆ పిల్లే మెల్లగా అంది, "నేను పట్టుకోకపోతే నువ్వు దేన్ని లాగుతావు?" ఎన్నేళ్లు చెప్పినా నాకు ఇంత బాగా చెప్పడం రాలేదు.

ఆ మర్నాడే బంతి ప్రశ్న మళ్లీ ఇచ్చాను. గాలిని పక్కన పెట్టేయమన్నాను. ఎక్కువమంది కిందికి ఒకే బాణం గీసి 'భూమి బంతి మీద' అని రాశారు. ఏడెనిమిది మంది ఇంకా పైకి బాణం గీశారు, కానీ పక్కన పేర్లు రాయబోయి 'చేయి...' దగ్గర ఆగిపోయి కొట్టేశారు, కొట్టేసిన గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. మరి పైకి తీసుకెళ్తున్నది ఏంటి అని ఒకడు అడిగాడు. ఏదీ తీసుకెళ్లడం లేదు, చేయి వదిలేటప్పటికే దానికి పైకి వేగం ఉంది, భూమి దాన్ని సెకను సెకనుకూ సుమారు 10 మీటర్ల చొప్పున కోసేస్తోంది, అంతే అన్నాను. సెకనుకు 20 మీటర్లతో విసిరితే ఎంతసేపు పైకి పోతుందో వాడే చెప్పాడు, రెండు సెకన్లు అని.

త్రాసుల గురించి ఒక జాగ్రత్త. సైన్స్ సామాన్ల కొట్లో కొనేముందు అక్కడే రెండూ తగిలించి లాగి చూసుకోండి. మొదటిసారి నేను చూసుకోకుండా తెచ్చిన జతలో ఒకటి సున్నా దగ్గరే తేడాగా ఉంది, దాంతో ఇటు 30, అటు 34 వచ్చింది, బలవంతుడి వైపే 34. ఆ ఏడాది బ్యాచ్‌కి మూడో నియమం నమ్మించలేకపోయాను.