తుపాకీ తన్నుడు, మజిల్ బ్రేక్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాన్నగారి .30-06 రైఫిలు లైసెన్సుతో సహా నా పేరు మీదికి మారింది. పది రౌండ్లు కాల్చేసరికి భుజం కమిలిపోతోంది. బ్యారెల్ మూతికి బిగించే రంధ్రాల తొడుగు, అదే మజిల్ బ్రేక్, బిగిస్తే తన్నుడు సగం తగ్గుతుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: చాలావరకు నిజమే. ఆ సగం ఎక్కడ తగ్గుతుందో తెలిస్తే మీ రైఫిలుకు అది అవసరమో కాదో మీరే తేల్చుకోవచ్చు.

రైఫిలు తన్నేది బుల్లెట్ ఒక్కదాని వల్లే కాదు. దాని వెనకే కాలిన మందు గ్యాసు అంతకు మించిన వేగంతో బయటికి దూకుతుంది. 180 గ్రెయిన్ల బుల్లెట్, అంటే 11.7 గ్రాములు, సెకనుకు 820 మీటర్ల వేగంతో పోతే దాని ద్రవ్యవేగం 9.6 యూనిట్లు. వెనక 55 గ్రెయిన్ల మందు గ్యాసు ఇంకో నాలుగున్నర దాకా కలుపుతుంది. మొత్తం 14. బుల్లెట్ వాటాను బ్రేక్ ఏమీ చేయలేదు. గ్యాసును పక్కలకు మళ్లించి, దాని వాటాను మాత్రమే కోస్తుంది. అయితే తన్నుడు శక్తి ద్రవ్యవేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. కనుక మూడో వంతు ద్రవ్యవేగం పోతే 3.6 కిలోల రైఫిలులో 27 జౌళ్ల శక్తి 13కి పడిపోతుంది. ఇది కాగితం మీది లెక్క. కొంత గ్యాసు బుల్లెట్ వెంటే ముందు రంధ్రంలోంచి పోతుంది కాబట్టి మామూలు బ్రేకుతో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుందనుకోండి. రంధ్రాలు వెనక్కి వాలి ఉన్నవి ఇంకా తగ్గిస్తాయి గానీ, ఆ గ్యాసూ చప్పుడూ మీ ముఖం వైపే వస్తాయి.

మన దగ్గర ఎక్కువగా కనిపించే .315 రైఫిలులో బుల్లెట్ 244 గ్రెయిన్ల బరువు, మందు తక్కువ. గ్యాసు వాటా తక్కువ కాబట్టి బ్రేక్ లాభమూ తక్కువే.

పది రౌండ్లకే భుజం కమిలిందంటే ముందుగా బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, చూసుకోవాలి. మోచేతిని 90 డిగ్రీలు మడిచి, ఆ మడతలో బట్ ఆనించండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి హాయిగా రావాలి. అందకపోతే బట్ పొడవు ఎక్కువ, వేలు దాటిపోతే తక్కువ. బట్ చివర ఇనుప పలక గానీ గట్టిపడిన పాత రబ్బరు గానీ ఉంటే తీయించి, 25 మిల్లీమీటర్ల మెత్తటి రీకాయిల్ ప్యాడ్ వేయించండి. కాల్చేటప్పుడు బట్ కాలరు ఎముక మీద కాకుండా భుజం గుంటలో కూర్చోవాలి, దాన్ని మీ వైపు గట్టిగా లాక్కోవాలి. వదులుగా పట్టుకుంటే రైఫిలు వేగం అందుకుని మరీ కొడుతుంది. అర కిలో బరువు పెరిగినా శక్తి 12 శాతం తగ్గుతుంది. బ్రేక్ ఖర్చు పెట్టేముందు ఇవన్నీ చేసి చూడాలని గట్టిగా చెబుతున్నాను.

ఇంకో పరీక్ష. మేగజీన్‌లో అసలు రౌండ్ల మధ్య ఒకటి రెండు డమ్మీ రౌండ్లు వేరొకరి చేత పెట్టించండి. డమ్మీ మీద కూడా మూతి కిందికి వంగితే ట్రిగ్గర్ నొక్కేముందే మీ ఒళ్లు అదిరిపోతోందన్నమాట. ఆ అలవాటు ఏ పరికరంతోనూ పోదు. తక్కువ తన్నే .22 రైఫిలుతో కొన్ని వారాలు కాలిస్తేనే పోతుంది.

ప్రశ్న: బ్రేక్ బిగించేందుకు బాలానగర్‌లో తెలిసిన లేతు షాపులో బ్యారెల్ చివర థ్రెడ్డింగ్ (మర కోయడం) చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: వద్దు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీని మార్చడానికైనా, మరమ్మతు చేయడానికైనా లైసెన్సు ఉండాలి. ఆ షాపాయన పనితనం గొప్పదే కావచ్చు, కేసు మాత్రం ఇద్దరి మీదా పడుతుంది. పైగా చప్పుడును గానీ మంటను గానీ తగ్గించే అమరికలను ఆ చట్టం తుపాకీలోనే కలిపేసింది. బ్రేక్ అవి తగ్గించదు. కానీ మంటను అణిచే రకాలు చూడ్డానికి అలాగే ఉంటాయి. కొనేముందే లైసెన్సింగ్ అధికారి నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి. వేట సంగతి వేరే: 1972 వన్యప్రాణి చట్టం కింద అధీకృత అనుమతి లేనిదే ఏ రైఫిలుతోనూ లేదు.

లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లినా మూడు అడగండి. థ్రెడ్ బ్యారెల్ బయటి చుట్టుకు కాకుండా లోపలి బోరుకు (బుల్లెట్ పోయే రంధ్రానికి) కేంద్రంగా కోశారా? బ్రేక్ ఆనే అంచు బోరుకు లంబంగా ఉందా? ముందు రంధ్రం బుల్లెట్ కన్నా కనీసం అర మిల్లీమీటరు పెద్దదా? .30 బోరుకు సాధారణంగా 15.9 మిల్లీమీటర్ల థ్రెడ్ వాడతారు. మూతి దగ్గర బ్యారెల్ 17-18 మిల్లీమీటర్లైనా లేకపోతే ఆనడానికి అంచు మిగలదు. సన్నటి బ్యారెల్‌ను బలవంతంగా కోయించవద్దు. .315లో ముందు సైటు మూతికి దగ్గరగా ఉంటుంది కనుక దాన్నీ కదపాల్సివస్తుంది.

బిగించాక బోరులోకి సరిపోయే నిటారు కడ్డీ పెట్టి మూతి వైపు నుంచి చూడండి. ముందు రంధ్రం చుట్టూ ఖాళీ సమానంగా ఉండాలి. ఒక పక్కకు జరిగినట్టు కనిపిస్తే ఒక్క రౌండు కూడా కాల్చవద్దు. బుల్లెట్ అంచు తాకితే గురి చెదరడంతో ఆగదు, బ్రేకే పగిలి ఎగరవచ్చు.

ప్రశ్న: బ్రేక్ ఉన్న రైఫిలు పక్క లేన్‌లో కాలుస్తుంటే గంటసేపు చెవులు గింగురుమన్నాయి. ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ప్రమాదమే. తుపాకీ పేలుడులాంటి చప్పుడుకు హద్దు 140 డెసిబెల్స్. బ్రేక్ లేని వేట రైఫిలే దాదాపు 160 చేస్తుంది. బ్రేక్ దానికి అయిదు నుంచి పది కలిపి పక్కలకూ వెనక్కూ పంపుతుంది. లోపలి చెవిలో ఒకసారి చచ్చిన రోమకణాలు తిరిగి పుట్టవు. ఫోమ్ ప్లగ్ చెవిలో పూర్తిగా దూర్చి, పైన ఇయర్‌మఫ్ పెట్టుకోండి, ఒకటి చాలదు. బ్రేక్ వాడేవారు చివరి లేన్ అడిగి తీసుకోవాలి. గింగురు మర్నాటికీ తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఇ.ఎన్.టి. డాక్టరును కలవండి.

పోటీల్లో ఈ బాధ ఉండదు: అంతర్జాతీయ షూటింగ్ క్రీడల సమాఖ్య (ఐ.ఎస్.ఎస్.ఎఫ్.) నిబంధనలు రైఫిళ్లకు బ్రేకులను నిషేధించాయి.

ప్రశ్న: బ్రేక్ బిగించాక గురి ఎత్తు మారింది. పాడైందా?
– ఒక పాఠకుడు, ఎల్.బి.నగర్

జవాబు: పాడు కాలేదు. మూతి చివర బరువు పెరిగితే బ్యారెల్ కంపించే తీరు మారుతుంది. 100 మీటర్ల దగ్గర మళ్లీ జీరో చేసుకోండి, అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా సైటు సరిచేసుకోండి. తూటాలు పడే చోటు మారుతూనే ఉంటే బ్రేక్ వదులైంది. రంధ్రాలు సమతలంగా నిలిచేలా షిమ్ (పలుచటి వాషరు) వేసి, 27 నుంచి 34 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించాలి. మామూలు నీలం థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పూసే జిగురు) వేడికి మెత్తబడుతుంది. కింద రంధ్రాలున్న రకం పడుకుని కాల్చేటప్పుడు దుమ్ము లేపి టెలిస్కోపును కప్పేస్తుంది, దానికి దూరంగా ఉండండి. బ్యారెల్ శుభ్రం చేసేముందు బ్రేక్ విప్పి, లోపల పేరుకున్న మసిని ఇత్తడి బ్రష్షుతో తీయండి. తిరిగి బిగించే ప్రతిసారీ కడ్డీ పరీక్ష చేయండి.