అత్తయ్య మాత్ర నాన్నగారికి పనికొస్తుందా?

ప్రశ్న: రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన మా మేనత్త రోజూ టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నారు. మా నాన్నగారికి ఈమధ్యే తిరుపతిలో కాలేయ క్యాన్సర్ అని తేల్చారు. ఆ కణాల పొర మీద కూడా హార్మోన్ రిసెప్టర్లు ఉంటాయని చదివాను. మరి ఆయనకూ అదే మాత్ర ఇవ్వకూడదా? ఆయన తీసుకునే ఇన్సులిన్ వల్ల కణితి పెరుగుతుందేమోనని అమ్మ దాన్ని మానిపించమంటోంది.
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ముందు ఇన్సులిన్ సంగతి. డాక్టరు చెప్పనిదే దాన్ని ఒక్క పూట కూడా మానిపించకండి. కాలేయం దెబ్బతిన్న మనిషికి చక్కెర అదుపు తప్పితే ముప్పు రోజుల్లోనే ముంచుకొస్తుంది. అలాగని మీ అమ్మగారి భయం పూర్తిగా నిరాధారమని అనను. పెద్దవారి కాలేయంలో ఇన్సులిన్ రిసెప్టరు, అంటే హార్మోన్ కబురును అందుకునే గ్రాహకం, ప్రధానంగా ‘బి’ రూపంలో ఉంటుంది. క్యాన్సర్ కణాల్లో ‘ఎ’ రూపం పాలు పెరుగుతుంది, దానికి ఐజీఎఫ్-2 అనే వృద్ధి కారకం కూడా అతుక్కుంటుంది. కొన్ని కణితులు ఆ ఐజీఎఫ్-2ను తామే తయారుచేసుకుంటాయి కనుక, సూది మానినంత మాత్రాన ఆ సంకేతం ఆగదు.

ఇక టామాక్సిఫెన్. ఇన్సులిన్, గ్లూకగాన్, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు కొవ్వుతో కూడిన కణపొరను దాటలేవు. గుమ్మం దగ్గరే కబురు చెప్పి పోయే మనుషుల్లాంటివి కాబట్టి వాటి గ్రాహకాలు పొర మీదే ఉంటాయి. (గ్లూకగాన్ కబురు లోపలికి ఎలా చేరుతుందో ఎలుక కాలేయపు కణపొరల మీదనే పరిశోధించిన మార్టిన్ రాడ్‌బెల్ 1994లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.) ఆడవారిలో ఎక్కువగా ఉండే ఈస్ట్రోజెన్ హార్మోన్ అలా కాదు, కొవ్వులో కరిగి నేరుగా లోపలికి వెళ్తుంది. టామాక్సిఫెన్ అడ్డుకునేది ప్రధానంగా కణం లోపల ఉండే ఆ ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని. అందువల్ల మీరు చదివినదానికీ, మీ మేనత్తగారి మాత్రకూ సంబంధం తక్కువ.

అయినా కొన్ని కాలేయ కణితుల్లో ఈస్ట్రోజెన్ గ్రాహకాలు కనిపించడం, ఈ జబ్బు మగవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా రావడం చూసి వైద్యులూ ఒకప్పుడు మీలాగే ఆలోచించారు. ఇటలీలో దాదాపు 500 మంది రోగులపై జరిపి 1998లో ప్రకటించిన పరీక్షలో, ఆ మాత్ర వేసుకున్నవారు వేసుకోనివారికంటే ఎక్కువ కాలం బతకలేదు. ఆసియా పసిఫిక్ దేశాల్లో మోతాదు పెంచి చూసినప్పుడు, 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. రొమ్ము కణితుల్లో చాలావాటికి ఈస్ట్రోజెన్ గ్రాహకం ఆయువుపట్టు. కాలేయ కణితిలో అది ఉన్నా, కణితి దాన్ని నమ్ముకుని బతకడం లేదు.

కాలేయ క్యాన్సర్‌కు 2007లో అనుమతి పొందిన సోరాఫెనిబ్ అనే మందు కూడా పొర మీది గ్రాహకాల పనినే అడ్డుకుంటుంది గానీ, అవి హార్మోన్లవి కావు, ముఖ్యంగా రక్తనాళాలను పెంచే కారకాలవి. మీ నాన్నగారికి మందు తగునా, ఆపరేషన్ తగునా అన్నది కణితి ఎంత ఉంది, మిగిలిన కాలేయం ఎంత పనిచేస్తోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈసారి తిరుపతికి వెళ్ళేటప్పుడు స్కాన్ ఫిల్ములతో పాటు ఇన్సులిన్ మోతాదులు రాసుకున్న చీటీ కూడా తీసుకెళ్ళండి.