కొత్త ఇంటి పక్క సందుల్లో ఏం వేయించాలి? ముందు ఒక వానాకాలం ఆగండి

రెండు వందల గజాల్లో ఇల్లు పూర్తయిందని, తూర్పున నాలుగడుగులు, పడమర మూడడుగులు సందు మిగిలిందని, గృహప్రవేశంలోపే టైల్స్ వేయించేయమని మేస్త్రి తొందరపెడుతున్నారని రాశారు. దయచేసి ఇప్పుడే వేయించకండి. మేము ఆ తొందరలోనే చేతులు కాల్చుకున్నాం.

మాది గుంటూరు పక్కన నల్లరేగడి నేల. 2019 మాఘంలో గృహప్రవేశం. చుట్టాలు వస్తారు, దుమ్ము కనిపించకూడదని ముహూర్తానికి పది రోజుల ముందు ఇంటి చుట్టూ కాంక్రీటు పోయించి, దాని మీద నున్నటి టైల్స్ అతికించాం. చూడముచ్చటగా ఉండేది. ఆగస్టు వానలకు పడమటి సందులో గోడ వెంట టైల్స్ కుంగాయి. గోడకూ టైల్స్‌కూ మధ్య వేలు దూరేంత పగులు వచ్చింది. ప్రహరీ వైపు పారాల్సిన నీళ్లన్నీ ఆ పగుల్లోకి దిగాయి. దీపావళి నాటికి పడకగది గోడకు లోపల మూరెడు ఎత్తున చెమ్మ, పెయింటు నిండా పొక్కులు. గోరుతో గీకితే పుట్టీ తడిపిండిలా ఊడి వచ్చేది. కొత్త గోడను అలా చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది.

కారణం తర్వాత తెలిసింది. పునాది కోసం తవ్వినప్పుడు గోడ బయట కూడా కొంత గుంత మిగులుతుంది. తవ్వి పోసిన మట్టి, ఇటుక ముక్కలు అందులోకే నెట్టి పూడుస్తారు. అరడుగు మందాన పొరలుగా వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టించేవాళ్లు తక్కువ. ఆ మట్టి మొదటి వానాకాలంలో దిగుతుంది. పైగా నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నోళ్లు తెరుస్తుంది. దాని మీద ఎంత ఖరీదైన టైలు వేసినా నిలవదు.

అందుకని గృహప్రవేశానికి మొరం (గరుకు ఎర్రమట్టి) పరిపించి నీళ్లు కొట్టించండి. నడిచే చోట నాలుగు తాండూరు బండలు ఇసుకలో పరిస్తే చాలు, కాళ్లకు బురద అంటదు, తర్వాత ఆ బండలు ఎక్కడైనా పనికొస్తాయి. వానలు మొదలయ్యాక గొడుగు వేసుకుని ఒకసారి ఇంటి చుట్టూ తిరగండి. డాబా గొట్టాల నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఇంట్లోవాళ్లు ఏ దారిన నడుస్తున్నారు, అన్నీ కంటికి కనిపిస్తాయి. మట్టి దిగిన చోట మళ్లీ నింపి కొట్టించండి.

ఆ తర్వాత వాలు సంగతి. అడుగుకు పావు అంగుళం చొప్పున గోడ నుంచి బయటికి వాలు ఉండాలి. అంటే మీ నాలుగడుగుల సందులో ప్రహరీ వైపు అంగుళం దిగాలి. లెవెల్ పైపు పట్టి, గోడ మీద సుద్దతో గీత కొట్టించి, దగ్గరుండి చూసుకోండి. ఇంటి లోపలి నేల కంటే బయట నడిచే దారి కనీసం అరడుగు కిందే ఉండాలి. మొరం, కాంక్రీటు, మాలు, టైలు అన్నీ ఒకదాని మీద ఒకటి చేరితే దారి తెలియకుండానే పైకి వచ్చేస్తుంది. అప్పుడు చెమ్మకు, చెదలుకు మనమే మెట్టు కట్టినట్టు అవుతుంది. నీళ్లు ఈశాన్యానికే పోవాలని మా ఇంట్లో పట్టుబట్టారు. అక్కడే, పునాదికి వీలైనంత దూరంగా, ప్రహరీ మూలన ఇంకుడు గుంత తీయించాం. వాస్తుకూ సరిపోయింది, నేలకూ మంచిదైంది.

ఏది వేయాలంటే, మేము రెండోసారి ఇలా చేశాం. మాకూ తూర్పున నాలుగడుగుల సందే, అందులో గోడ వెంట రెండడుగుల వెడల్పున కాంక్రీటు పట్టీ, గోడకూ దానికీ మధ్య అరంగుళం సందు వదిలి అందులో తారు నింపాం. మిగతా రెండడుగుల్లో అంగుళం మందం ఇసుక మీద 60 మిల్లీమీటర్ల మందం పేవర్లు, అంటే అతికించకుండా పేర్చే సిమెంటు దిమ్మెలు. వాటి చివర కాంక్రీటు అంచు కట్టించడం మరవకండి, లేకపోతే పేవర్లు మెల్లగా జరిగిపోతాయి. పేవర్ల సందుల్లోంచి నీళ్లు దిగుతాయి కాబట్టి నల్లరేగడిలో గోడ పక్కన మాత్రం అవి వద్దు. పడమటి మూడడుగుల సందులో అంతా కాంక్రీటే పోయించి, ఇష్టం వచ్చినట్టు పగలకుండా ప్రతి నాలుగడుగులకు ఒక గీత వదిలాం. మురుగు చాంబర్లు, పైపులు పేవర్ల కిందికి వచ్చేలా చూసుకుంటే ఎంత మేలో 2021లో తెలిసింది. వేప వేరు దూరి మురుగు పైపు మూసుకుపోతే, పేవర్లు చేత్తో తీసి, బాగు చేసి, సాయంత్రానికి మళ్లీ వాటినే పేర్చేశారు.

నున్నటి టైల్స్, పాలిష్ చేసిన బండలు మాత్రం బయట వేయకండి. బేతంచర్ల పాలిష్ బండ లోపల ఎంతో బాగుంటుంది, బయట తడిస్తే జారుతుంది. మా అమ్మ తడిబట్టల బకెట్టుతో బట్టలు ఉతికే చోట జారిపడింది. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. అన్నం కలుపుకోలేక చెంచా పట్టుకున్న ఆ రోజులు నేను మరచిపోలేను. ఇప్పుడక్కడ గరుకు తాండూరు రాయి ఉంది. అది సున్నపురాయి జాతిది, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ తగిలితే తినేస్తుంది, సబ్బునీళ్లు చాలు. గుమ్మం ముందు మాత్రం మూడు పెద్ద బండలు అతుకు కనిపించకుండా వేయించాం. పేవర్ల మీద ముగ్గు గీత తెగిపోతుందని అమ్మ కోరిక అది.

వెడల్పు కొలిచేటప్పుడు గోడకు పొడుచుకొచ్చేవన్నీ లెక్కలోకి తీసుకోండి. ఏసీ బయటి పెట్టె, కుళాయి, గొట్టం కలిసి మూడడుగుల సందును రెండడుగులు చేస్తాయి. గ్యాస్ సిలిండర్ భుజాన పెట్టుకుని వచ్చే మనిషి మోచేతికి అవన్నీ తగులుతాయి. ఏసీ పెట్టెను తలకంటే ఎత్తున బిగించండి, మోటారును నాలుగడుగుల వైపు పెట్టండి.

ఇంకొక్క పని ఈ వారంలోనే చేయండి. పైపులు పూడ్చకముందే ప్రహరీ నుంచి ఎంత దూరంలో ఉన్నాయో టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి. మాకు అవి లేక, ఆ మూసుకుపోయిన పైపు కోసం ప్లంబరు ముందు రెండు చోట్ల వృథాగా తవ్వాడు.