ఆడియో పుస్తకం వింటే చదివినట్టేనా?

చదివినట్టే. అందులో నాకు అనుమానమే లేదు. "కూరగాయలు తరుగుతూ వినేదాన్ని చదవడం అని ఎలా అంటారు" అని ఒకరు అడిగారు కాబట్టి మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నీటికాసుల వల్ల ఆరేళ్ల క్రితం చూపు దాదాపు పోయింది. అంతకుముందు చేతిలో పెన్సిల్ లేకుండా పుస్తకం తెరిచేవారు కాదు, నచ్చిన వాక్యం కింద గీత పడాల్సిందే. ఇప్పుడు వాలుకుర్చీలో కూర్చుని ఫోన్లో వింటారు. నచ్చిన మాట వచ్చినప్పుడు చూపుడువేలు కుర్చీ చేతి మీద ఎడమ నుంచి కుడికి ఒక్కసారి జారుతుంది. అదే గీత. చదివేవాళ్లు 'ళ'ని 'ల' అంటే ఊరుకోరు. వాక్యాల మధ్య వీణ మోగిందంటే ఫోన్ తీసి నా చేతిలో పెట్టేస్తారు. ఆ మ్యూజిక్ కలిపేవాళ్లకు నా మనవి కూడా అదే: పుస్తకం చదవండి చాలు.

పోయినేడాది ఆయనతో పనిచేసిన ఒక మాస్టారు తన జ్ఞాపకాలు పుస్తకంగా వేసుకుని పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపారు. నాన్నగారు టాక్‌బ్యాక్‌తో, అంటే తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే ఫోన్ సదుపాయంతో, తెరిచారు. ఫోన్ చదవడం మొదలుపెట్టింది: ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్, బ్రాకెట్, మళ్లీ డాలర్. ఆయన కాసేపు విని, "ఏంట్రా ఇది, నాకు చెవులు కూడా పోయాయా" అన్నారు.

కంటికి అది చక్కటి తెలుగే. డీటీపీలో పాత ఫాంటుతో కొట్టారు. లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ అక్షరాలకు తొడిగిన తెలుగు బొమ్మలు. ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్లో సొంత నంబరు ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో 1991 నాటి మొదటి వెర్షన్ నుంచీ తెలుగు ఉంది, మనకంటూ 128 స్థానాలున్నాయి. అయినా ఇంకా ఇలాగే అచ్చేస్తున్నారు.

నేను చేసేది ప్రోగ్రామింగే. ఆ బొమ్మల్ని అసలు తెలుగు అక్షరాలుగా మార్చే కన్వర్టర్ పైథాన్లో రాయడానికి కూర్చున్నాను. ఏ గుర్తుకు ఏ అక్షరమో పట్టిక వేసుకోవడం ఒక్క రాత్రి పని. చంపింది వరస. 'ప్రభుత్వం' అన్న మాటలో క్రావడి ముందొచ్చి 'ప' వెనకొస్తుంది, ఎందుకంటే ఆ ఫాంటు కంటికి కనిపించే క్రమంలో రాస్తుంది, పలికే క్రమంలో కాదు. పది రాత్రులు పట్టింది. "పేజీ ఫొటో తీసి ఏఐకి ఇస్తే పోయేది కదా" అంటారు మా ఆఫీసు కుర్రాళ్లు. అక్షరం అక్కడే ఉండగా ఊహించడం ఎందుకు? ఊహించిన చోట పేర్లు మారిపోతాయి.

రాజకీయం అనుకున్నా సరే, ఈ మాట అనాలి. ఏటా ఆగస్టు 29న అన్ని పార్టీలవాళ్లూ గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేస్తారు. జనం మాట్లాడే భాషలో చదువు ఉండాలని ఆయన పోరాడింది అది జనానికి అందాలనే కదా. చూపులేనివాళ్ల కోసం పుస్తకాన్ని వినే రూపంలోకి మార్చుకోవచ్చని 2012లోనే కాపీరైట్ చట్టం సవరించారు. అదే పని కోసం వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. 2016లో వికలాంగుల హక్కుల చట్టమూ వచ్చింది. చట్టాలకు లోటు లేదు. మా నాన్నగారికి ఒక ఆఫీసు నుంచి వచ్చిన పింఛను కాగితం మాత్రం ఇప్పటికీ వంకరగా తీసిన ఫొటోయే. ఓటు అడగడానికి వచ్చినవాళ్లని నేను అడిగేది ఇదొక్కటే: మీరిచ్చే తెలుగు నోటీసుని మా నాన్నగారి ఫోన్ చదవగలదా?

పదకొండో రోజు పొద్దున పుస్తకం వినిపించాను. మూడో అధ్యాయంలో "ఆపు" అన్నారు. వెనక్కి తిప్పించి రెండుసార్లు విన్నారు. వేలు జరగలేదు. ఫోన్ తీసుకుని ఆ మాస్టారికి కలపమన్నారు.

"ఒరేయ్, బడి బావి తవ్వించింది 74లో అని రాశావు. 73 వేసవిలో కదరా. నీళ్లు పడ్డ రోజు నువ్వు సెలవులో ఉన్నావు."

నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు.