ముందు ఆ చేతుల్ని చూడు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, శ్రద్ధగా చదివాను. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాలు వన్యప్రాణుల్ని కాపాడే వాలంటీర్ల వెంట తిరుగుతున్నావనీ, వాళ్ళ గురించి తెలుగులో పుస్తకం రాయాలనుకుంటున్నావనీ తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. మనవాళ్ళకి ఆస్ట్రేలియా అంటే క్రికెట్టు, కంగారూ, పిల్లల చదువులు. అక్కడ జరుగుతున్న ఇంత పెద్ద పని గురించి మన భాషలో వచ్చింది చాలా తక్కువ. నువ్వు రాయాలి. అందుకే మెచ్చుకోలుతో సరిపెట్టకుండా నాకు అనిపించిందంతా రాస్తున్నాను.

వ్యాసంలో సగం 2019–20 కార్చిచ్చే ఉంది. కాళ్ళు కాలిన కోలా, సీసాలోంచి నీళ్ళు తాగుతున్న కోలా, దాదాపు 300 కోట్ల జీవులు చనిపోవడమో చెదిరిపోవడమో జరిగిందన్న అంచనా. అన్నీ నిజాలే. కానీ ఆ ఫొటోలు చూసి మన ఊళ్ళలో కూడా జనం అప్పుడే కన్నీళ్ళు పెట్టుకున్నారు. పాఠకుడి దగ్గర జాలి ఉంది, దాన్ని నువ్వు మళ్ళీ పుట్టించనక్కర్లేదు. మంటలు ఆరిన మర్నాడు ఎవరు ఏం చేశారో, అంతకు ముందు పాతికేళ్ళూ ఎవరు ఏం చేస్తూ వచ్చారో అతనికి తెలియదు. నీ పుస్తకం ఆ పని మీద నిలబడాలి.

దక్షిణ ఆస్ట్రేలియాలోని కంగారూ ఐలాండ్‌ దీవినే తీసుకో. అక్కడ నిగనిగలాడే నల్ల కాకటూ అనే చిలుక జాతి పక్షి ఒకటుంది. మన కోస్తాలో సరుగుడు తోటలు ఉంటాయే, ఆ సరుగుడుకి దగ్గరి చుట్టమైన షీఓక్ చెట్టు కాయల్లోని గింజలే దాని తిండి, దాదాపు మరొకటి ముట్టదు. ముసలి యూకలిప్టస్ చెట్ల తొర్రల్లో ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డునీ, పిల్లనీ పోసమ్‌లనే చిన్న సంచిజీవులు చెట్టెక్కి తినేస్తుంటే, 1990లలో జనం ఏం చేశారో తెలుసా? చెట్టు మానుకి చుట్టూరా రేకు బిగించారు. నున్నటి రేకు మీద పోసమ్ గోళ్ళు పట్టుకోలేవు. పక్క చెట్టు మీంచి దూకకుండా కొమ్మలు నరికారు. తొర్రలు చాలకపోతే కట్టుడు గూళ్ళు వేలాడదీశారు. పోసమ్ కూడా ఆ నేలదే కాబట్టి దాన్ని చంపలేదు, ఆ ఒక్క చెట్టూ ఎక్కనివ్వలేదు, అంతే. 150 చిల్లర ఉన్న పక్షులు కార్చిచ్చు నాటికి 350 దాటాయి. ఆ తర్వాత మంటల్లో మేత చెట్లు చాలా కాలిపోయాయి. మళ్ళీ షీఓక్ మొక్కలు నాటడం మొదలుపెట్టారు. కాలిన పక్షి గురించి నువ్వు రెండు పేజీలు రాశావు. ఆ రేకు బిగించిన మనిషి గురించి ఒక పేజీ రాసి ఉంటే, కాలినప్పుడు ఏం పోయిందో పాఠకుడికి దానంతట అదే తెలిసేది.

వ్యాసంలో నాకు బాగా నచ్చింది రోడ్డు పక్క చనిపోయిన కంగారూ సంచి వెతికిన ఘట్టం. దాన్ని ఆరు వాక్యాల్లో ముగించేశావు, అక్కడ ఇంకా ఆగు. సంచిలోని పిల్ల తల్లి చనుమొన నోట పట్టుకుని ఉంటే లాగకూడదు. మొన ఆ చిన్న నోట్లో ఉబ్బి ఉంటుంది, లాగితే నోరు గాయపడుతుంది. అవసరమైతే ఆ మొననే కత్తిరించి పిల్లతో పాటు తెస్తారు. వెంట్రుక రాని పిల్లని గుడ్డలో చుట్టి చొక్కా లోపల ఒంటికి ఆనించుకుంటారు. ఆవుపాలు పట్టకూడదు, పడవు. దానికి వేరే పాలపొడి ఉంటుంది, రాత్రింబవళ్ళు కొన్ని గంటలకోసారి కొలిచి పట్టాలి. చీకటి, నిశ్శబ్దం, వెచ్చదనం ఉండాలి. చనిపోయిన తల్లిని రోడ్డు మీంచి పక్కకి లాగేస్తారు, దాన్ని తినడానికి వచ్చిన గద్దని ఇంకో కారు గుద్దకుండా. దాని ఒంటి మీద రంగు స్ప్రేతో ఒక గుర్తు వేస్తారు. వెనకాల వచ్చేవాళ్ళకి ఈ సంచి ఎవరో చూసేశారని అర్థం. ఇవన్నీ నువ్వు కళ్ళారా చూశావు. చూసినవి వదిలేసి 'ఆమె మనసు తల్లి మనసు' అని రాశావు. ఆ మాట తీసెయ్. చొక్కా లోపల పిల్లని పెట్టుకుని కారు నడుపుతున్న మనిషి మనసు ఎలాంటిదో చదివేవాళ్ళకి తెలుస్తుంది. తెచ్చిన ప్రతి పిల్లా బతకదని కూడా రాయి. బతికించలేమని తేలినప్పుడు నొప్పి లేకుండా పంపించే నిర్ణయం కూడా ఆ పనిలో భాగమే.

ఇక నువ్వు దాటేసిన విషయానికి వస్తాను. ఈ ఉత్తరం అసలు దానికోసమే.

'హానికర జంతువులను నియంత్రిస్తారు' అని ఒక్క వాక్యం రాసి పక్కకి తప్పుకున్నావు. ఎందుకు తప్పుకున్నావో నాకు అర్థమైంది. ముగ్గుపిండి చీమల కడుపు నింపుతుందని చెప్పుకునే ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. కానీ నియంత్రణ అంటే అక్కడ తుపాకీ, బోను, విషం పెట్టిన మాంసం ముక్క. అది రాయకపోతే నువ్వు రాసిన ప్రేమ కూడా సగమే అవుతుంది. 1788లో వలస ఓడలతో పిల్లులు దిగాయి. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి విక్టోరియాలోని వించెల్సీ దగ్గర వేట సరదాకి రెండు డజన్ల కుందేళ్ళని వదిలాడు, అవి ఖండమంతా పాకాయి. నక్కల్ని తెచ్చిందీ వేట సరదాకే. పిల్లీ నక్కా లాంటి వేట జంతువుల్ని ఎన్నడూ ఎరగని బిల్బీలు, బెటాంగ్‌లు, బాండికూట్‌లు అనే చిన్న సంచిజీవులు వాటి నోట పడ్డాయి. వలస వచ్చినప్పటి నుంచి 30కి పైగా క్షీరద జాతులు ఆ నేల మీద పూర్తిగా అంతరించాయి. 2015లో ప్రభుత్వమే అయిదేళ్ళలో 20 లక్షల అడవి పిల్లుల్ని చంపాలని లక్ష్యం పెట్టుకుంది.

1080 అనే విషం గురించి వివరంగా తెలుసుకో. పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి మూలన కొన్ని మొక్కల్లో అదే విషం సహజంగా ఉంటుంది. తరతరాలుగా ఆ మొక్కల మధ్య బతికిన స్థానిక జంతువులు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. బయటి నుంచి వచ్చిన నక్క తట్టుకోలేదు. అందుకే అక్కడ 1996 నుంచి విమానాల మీంచి కూడా ఆ ఎరలు జల్లుతున్నారు. దాన్ని వద్దనేవాళ్ళూ ఆ దేశంలోనే గట్టిగా ఉన్నారు. ఆ చావు బాధాకరమైనదనీ, పెంపుడు కుక్కలు కూడా పోతున్నాయనీ అంటారు. వాళ్ళ మాట కూడా నిజాయితీగా వినిపించు. నా అభిప్రాయం అడిగితే, ఎర పెట్టేవాళ్ళ వైపే నేను. నక్క తప్పేమీ లేదని తెలిసీ, దాన్ని ఆపకపోతే ఆ దేశంలో తప్ప మరెక్కడా లేని ఒక జాతి పోతుందని తెలిసీ, ఎవరో ఒకరు ఆ భారం మొయ్యాలి. ఎర పెట్టే మనిషితో ఒక పగలంతా తిరుగు. ఇంటికి వెళ్ళాక ఏం ఆలోచిస్తారో అడుగు. వాళ్ళ ఇంట్లో పిల్లి ఉందేమో కూడా అడుగు.

మా అబ్బాయి దగ్గరకు వచ్చినప్పుడు మీ మెల్‌బోర్న్ దగ్గరి ఫిలిప్ ఐలాండ్‌ దీవిలో పెంగ్విన్లు సాయంత్రం సముద్రంలోంచి నడిచి రావడం చూశాను. నువ్వూ చూసే ఉంటావు, అది చూడనివాళ్ళు లేరు. ఆ పెంగ్విన్లు గూళ్ళు పెట్టుకున్న కొండ మీద ఒకప్పుడు ఇళ్ళూ వీధులూ ఉండేవి. 1985లో ప్రభుత్వం ఆ ఇళ్ళు కొనెయ్యాలని నిర్ణయించింది, 2010 వరకూ ఒక్కొక్కటే కొని తీసేసింది. నక్కల్ని వెతికి వెతికి ఏరేశాక 2017లో ఆ దీవిలో నక్క లేదని ప్రకటించారు. ఆ ఏడాదే అక్కడ ఈస్టర్న్ బార్డ్ బాండికూట్‌లని వదిలారు. పొడుగు ముక్కుతో నేల తవ్వి పురుగులు ఏరుకునే ఈ చిన్న సంచిజీవి విక్టోరియాలో ఒక దశలో హామిల్టన్ పట్నం చుట్టుపక్కల తప్ప ఎక్కడా మిగల్లేదు. చెత్తకుప్పలో తుప్పు పట్టిన కార్ల కింద తలదాచుకుంది. 1988 నుంచి పట్టి తెచ్చి పెంచారు, కంచెల్లో, నక్కలు లేని దీవుల్లో వదిలారు. 2021లో దాన్ని 'అడవిలో అంతరించింది' అన్న జాబితా నుంచి 'ప్రమాదంలో ఉంది' అన్న జాబితాకి మార్చారు. ఆస్ట్రేలియాలో అలా వెనక్కి వచ్చిన మొదటి జంతువు అదే. నక్క చావుని తీసేసి ఈ కథ చెప్పడం నీవల్ల కాదు, నావల్లా కాదు.

కంచెల దగ్గరికి కూడా వెళ్ళు. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో రాక్స్‌బీ డౌన్స్ దగ్గర 1997లో మొదలైన ఎరిడ్ రికవరీ అనే అభయారణ్యంలో 123 చదరపు కిలోమీటర్ల నేలకి కంచె ఉంది. పైన వల బయటి వైపుకి వదులుగా వంగి ఉంటుంది, పిల్లి ఎక్కబోతే దాంతో పాటే వాలిపోతుంది. కింద వల నేల మీద పరిచి ఉంటుంది, తవ్వబోతే కాళ్ళకి అడ్డం. కానీ లోపల భద్రంగా పెరిగిన జంతువులకి భయమే తెలియదు, బయట వదిలితే చస్తాయి. బెటాంగ్‌లు మరీ ఎక్కువై మొక్కల్ని తినేశాయి కూడా. అందుకని కేథరిన్ మోస్‌బీ, ఆమె సహచరులు ఒక ఆవరణలో బిల్బీల మధ్య కావాలనే కొన్ని పిల్లుల్ని ఉండనిచ్చారు. రెండేళ్ళు అలా గడిపిన బిల్బీలు, పిల్లినెరగని వాటికన్నా జాగ్రత్త నేర్చుకున్నాయి, ఎక్కువ బతికాయి. పిల్లుల్ని చంపడానికి ఇంత కష్టపడేవాళ్ళే చేతులారా పిల్లుల్ని లోపల ఉంచారంటే, ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు వాళ్ళు ఏం మాట్లాడుకుని ఉంటారు? నాకు ఆ సంభాషణ కావాలి.

ఇంకొక మాట. నీ వ్యాసంలో మాట్లాడేవాళ్ళందరూ జూ ఉద్యోగులూ, ప్రొఫెసర్లే. ఆ నేల అసలు మనుషులు ఏరీ? రాత్రి చిలుక అనే పక్షి కోసం వందేళ్ళకి పైగా వెతికారు, 2013లో గానీ బతికున్న పక్షి ఫొటో దొరకలేదు. 2024లో వచ్చిన అధ్యయనం, గ్రేట్ శాండీ ఎడారిలో అవి 50 దాకా ఉండొచ్చని చెప్పింది. ఇప్పటిదాకా తెలిసినంతలో అతి పెద్ద గుంపు అదే. ఆ పని చేసింది ఆదివాసీ న్గురుర్ప రేంజర్లు. స్పినిఫెక్స్ గడ్డి దుబ్బుల మధ్య రికార్డర్లు పెట్టి, శాస్త్రవేత్తలతో కలిసి ఆ అరుపులు విన్నారు. డింగోలనే అడవి కుక్కల పెంట పరీక్షిస్తే వాటిలో పిల్లులు తేలాయి. అంటే ఆ పక్షికి కాపలా కాస్తున్నది డింగోలేనేమో, వాటికి విషం పెట్టకపోవడమే మంచిదేమో అన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. ఎర మంచిదని ఇందాక అంత గట్టిగా చెప్పాను కదా, ఒక చోట నిజం ఇంకో చోట చెల్లకపోవచ్చు, ఏ ఎడారి, ఏ పొద అని చూసి రాయాలి. మన కడప జిల్లాలో కలివికోడి 1986లో మళ్ళీ కనపడింది కూడా, రాత్రిపూట అడవి తెలిసిన స్థానికుడి చేతిలోనే. ఆ మనిషి పేరు చెప్పకుండా ఆ కథ చెప్పినవాళ్ళే ఎక్కువ. నువ్వు అలా చేయకు.

చివరిగా విక్టోరియా తీరంలోని వారన్నంబూల్ పట్నం. అక్కడి మిడిల్ ఐలాండ్‌ దీవిలో పోటు తగ్గినప్పుడు నక్కలు నడిచి వచ్చి చిన్న పెంగ్విన్లని తింటుంటే, 2005 నాటికి లెక్కకి పది కూడా దొరకలేదు. ఒక కోళ్ళ రైతు సలహాతో మరుసటేడు మారెమ్మా కాపలా కుక్కల్ని పెట్టారు, పెంగ్విన్లు మళ్ళీ పెరిగాయి. ఇంతవరకూ నువ్వు రాశావు. 2017లో సముద్రం అల్లకల్లోలంగా ఉండి కుక్కల్ని దీవికి తీసుకెళ్ళలేని రోజుల్లో నక్కలు చొరబడి చాలా పెంగ్విన్లని చంపాయి. అది రాయలేదు. మళ్ళీ వెళ్ళు. ఆ కుక్కల్ని దువ్వి, తినిపించి, దీవికి తీసుకెళ్ళేవాళ్ళతో మాట్లాడు. దీవి మీదికి వెళ్ళకూడదని ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకి తెలిసింది, మొదట ఎవరు దిగి చూశారు, మర్నాడు కుక్కలు ఎలా ఉన్నాయి, అన్నీ అడుగు. ఆ అధ్యాయం రాయగానే పంపు, మిగతాది ఆగినా పర్వాలేదు.

ఆశీస్సులతో,
మాస్టారు