నొప్పి లేదని వదిలేసిన పుండుతో గాలే కోటకా?

ప్రశ్న: నా వయసు 57. పదకొండేళ్ళుగా షుగర్, బీపీ ఉన్నాయి, మాత్రలు వాడుతున్నాను. ఈమధ్య మూడు నెలల షుగర్ 9.4 వచ్చింది. వచ్చే నెల నేను, నా భార్య శ్రీలంకలోని గాలే కోటకు నాలుగు రోజులు వెళ్దామనుకుంటున్నాం. మలేరియా మాత్రలు వేసుకోవాలా? షుగర్ మాత్రల వేళలు మార్చుకోవాలా? అక్కడి తిండి పడుతుందా? ఇంకో విషయం, మొక్కు ఉండి అలిపిరి మెట్లు ఉత్త కాళ్ళతో ఎక్కాను. బొటనవేలి కింద బొబ్బ లేచి పుండైంది. మూడు వారాలైనా మానలేదు, కానీ నొప్పేమీ లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాస్తున్నాను, ఐదు రోజులు యాంటీబయాటిక్ కూడా వాడాను. ప్రయాణానికి తగ్గిపోతుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు ఆ పుండు సంగతి చూద్దాం. గాలే ఎక్కడికీ పోదు.

నొప్పి లేదని ధైర్యంగా రాశారు. నాకు భయం వేసేది అక్కడే. ఇన్నేళ్ళ షుగర్‌లో పాదాల నరాలు మొద్దుబారిపోతాయి. 3,550 మెట్లు ఉత్త కాళ్ళతో ఎక్కి బొబ్బ లేస్తే మామూలుగా రెండు రోజులు కుంటాలి. మీరు కుంటలేదు, రోజూ ఆ పుండు మీదే నడుస్తున్నారు. నడిచినన్నాళ్ళూ అది మానదు. లోపల ఎముక దాకా పోయిందో లేదో పైనుంచి చూసి చెప్పలేం. ఎక్స్‌రే తీయాలి, పాదానికి రక్తం సరిగా అందుతోందో లేదో నాడి చూడాలి, స్పర్శ పరీక్ష చేయాలి. చూడకుండా నేను మందు రాయను.

ఇక ఆ ఆయింట్‌మెంట్. ట్యూబు మీద సన్నక్షరాల్లో క్లోబెటసాల్ అనో, బెటామెథసోన్ అనో ఉందేమో చదవండి. ఉంటే ఈ రోజే ఆపండి. అవి స్టెరాయిడ్లు, పుండు మాననివ్వవు, ఇన్ఫెక్షన్‌ని కప్పిపెడతాయి. ఏ క్రిమి ఉందో తెలియకుండా కౌంటర్ దగ్గర అడిగి ఐదు రోజులు యాంటీబయాటిక్ మింగడం ఏం వైద్యమండీ? షుగర్ మందులు మాత్రం డాక్టర్ చీటీ ప్రకారం వాడతారు, పుండుకు షాపు కుర్రాడు చాలా? మా ఓపీకి వచ్చే పాదాల్లో చాలా భాగం ఇలా ‘రాసి చూద్దాం’ అని నెల దాటించినవే. కొన్నిసార్లు వేలు తీసేయక తప్పదు. చుట్టూ ఎర్రబడినా, వాపు, వాసన, నలుపు, జ్వరం – వీటిలో ఏది కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

మీరు అడిగినవాటికి వస్తే, మలేరియా మాత్రలు అక్కర్లేదు. శ్రీలంకను 2016లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా లేని దేశంగా ప్రకటించింది. డెంగీ మాత్రం ఉంది, పగటిపూట కూడా దోమల మందు రాసుకోండి. జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఒంటినొప్పుల మాత్రలు వేసుకోకండి. గడియారం మనదే కాబట్టి మందుల వేళలు మార్చే పని లేదు. మందులు చేతి సంచిలోనే పెట్టుకోండి, చీటీతో సహా. తిండి దాదాపు మన కొబ్బరి, అన్నమే. ఎర్ర బొండాం నీళ్ళు, తాటిబెల్లం లాంటి కితుల్ బెల్లంతో చేసే వట్టలప్పం, రెండింట్లోనూ చక్కెర ఉంది. రుచి చూడటం వేరు, కడుపు నింపుకోవడం వేరు.

కోట సంగతికొస్తే, డచ్చివాళ్ళ కాలం నాటి ప్రాకారం మీద తీరిగ్గా తిరిగితే గంట, గంటన్నర పడుతుంది. నీడ తక్కువ, అంచుకు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. క్రికెట్ స్టేడియం పైనుంచే కనిపిస్తుంది కాబట్టి మీరు అంత త్వరగా దిగరని నా అనుమానం. పుండు మానకుండా ఆ నడక వద్దు. లైట్‌హౌస్ కింది బీచ్‌లో కాలు పెట్టడం అసలే వద్దు. వెచ్చటి సముద్రపు నీటిలోని విబ్రియో జాతి క్రిములు షుగర్ ఉన్నవాళ్ళ పుండ్లలోకి చేరితే ప్రాణం మీదికి రావచ్చు. అక్కడి బౌద్ధ గుళ్ళలోనూ చెప్పులు విడవాలి. మిట్టమధ్యాహ్నం రాతినేల కాలేది మీ పాదానికి తెలియదు. సాక్సులతో రానిస్తారేమో అడగండి, లేదా పొద్దున్నే వెళ్ళండి. పుండు మానిన తర్వాత కూడా ఇది పాటించాల్సిందే. బూటు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి, గులకరాయి ఉన్నా మీకు తెలియదు.

వచ్చే నెల కుదురుతుందా అన్నది పాదం చూసిన సర్జన్ చెప్పాలి. ఎముకకు తగిలి ఉంటే వాయిదా తప్పదు. ఆ తీరంలో డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు తక్కువ, సముద్రం శాంతంగా ఉంటుంది, అప్పటికి పెట్టుకున్నా నష్టమేమీ లేదు. టికెట్లు మార్చుకునే వీలున్నవే కొనండి. ఇప్పుడున్న జబ్బులు దాచకుండా రాసి ప్రయాణ బీమా తీసుకోండి.

రేపు ఉదయమే రుయాకో, స్విమ్స్‌కో, మీ షుగర్ డాక్టర్ దగ్గరికో వెళ్ళండి. నడిచి కాదు, ఆటోలో. ఆ ట్యూబు, మింగిన మాత్రల ఖాళీ అట్ట పారేయకుండా వెంట తీసుకెళ్ళండి.