బండి అడుగు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు

శ్రీకాకుళం,
కార్తీక సోమవారం.

అమ్మడూ,

మొన్న రాత్రి మీరు కొనబోయే కారు గురించి నువ్వు ఫోన్లో గబగబా చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. అల్లుడు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను. ఎర్ర బండి చాలా బాగుంది. ఫోటోలో బండి బాగోక ఏం చేస్తుంది? ఫోన్లో చెబితే సగం వింటావు, సగం పిల్లల్ని కసురుతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి.

ముందు మీ తిరుగుడు లెక్క చూద్దాం. ఇల్లు విజయనగరంలో. నీ స్కూలు, అల్లుడి ఆఫీసు, పిల్లల ట్యూషన్ కలిపి రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు. గంటస్తంభం, మూడు లాంతర్ల మధ్య సెకండ్ గేరు దాటదు. నెలకోసారి కవిటి, మీ అత్తవారి ఊరు. మధ్యలో మా ఇంట్లో భోజనం. సెలవులిస్తే ఎస్.కోట మీదుగా అరకు ఘాట్. ఎక్కేది మీరిద్దరూ, పిల్లలిద్దరూ, మోకాళ్ల నొప్పులతో మీ అత్తగారు. సంక్రాంతికి వెనక డిక్కీలో బియ్యం బస్తా, కొబ్బరికాయలు, పనసకాయ.

ఈ లెక్కకి డీజిల్ అక్కర్లేదు. అల్లుడు మైలేజీ మైలేజీ అంటున్నాడు కానీ, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటోంది. డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఏకధాటిగా పరుగెత్తాలి. టౌన్‌లో పది నిమిషాలు నడిపి ఆపేస్తూ ఉంటే మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, పికప్ పడిపోతుంది, తర్వాత గ్యారేజీ బిల్లు. మీ రోజువారీ తిరుగుడంతా ఆ ఫిల్టర్‌కి పడని తిరుగుడే. నెలకి వెయ్యి కిలోమీటర్లు దాటని ఇంటికి పెట్రోలే నయం.

క్రెటా మాట కూడా ఎత్తాడట కదా. మంచి బండే, కాదనను. కానీ అది పొడవు నాలుగు మీటర్ల ముప్పై మూడు సెంటీమీటర్లు. మీ సందులో పాల వ్యాను ఎదురొస్తే ఎవరు వెనక్కి వెళ్లాలో ముందే మాట్లాడుకోండి. నాలుగు మీటర్లలోపు బండ్లు పుట్టిందే పన్ను కోసం. పొడవు నాలుగు మీటర్లు మించకుండా, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకుండా ఉంటే చిన్న కారు కింద లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటి మీద జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు పెట్రోల్‌కి సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. నెక్సాన్, వెన్యూ, సోనెట్, మాగ్నైట్, పంచ్ పెట్రోల్ బండ్లన్నీ ఇందులోకి వస్తాయి. బ్రెజా మాత్రం పొడవు సరిపోయినా ఇంజిన్ 1462 సీసీ. అందుకని దానికి 45 నుంచి 40కి మాత్రమే తగ్గింది. ఇది తెలియక "బ్రెజాకి అంత తగ్గలేదేటి?" అని షోరూమ్‌లో గొడవపడిన వాళ్లున్నారు మా వీధిలో.

ఈ పన్ను తగ్గింపు పాత బండి బేరానికి కూడా పనికొస్తుంది. కొత్తది తగ్గితే పాతది తగ్గాలి కదా. అమ్మేవాళ్లు మాత్రం కిందటేడు రేటే నోట్లో పెట్టుకుని కూర్చుంటారు. నా లెక్క ఏంటంటే, రెండేళ్ల పాత బండికీ అదే మోడల్ కొత్తదాని ఆన్‌రోడ్ ధరకీ తేడా రెండు లక్షల లోపు ఉంటే కొత్తదే కొనెయ్యి. వారంటీ మొదటి రోజు నుంచి ఉంటుంది, టెన్షన్ ఉండదు. నాలుగైదేళ్ల బండి, ఒకే చేతిలో నడిచింది, ధర కొత్తదాంట్లో సగానికి కాస్త అటూ ఇటూ అయితే పాతదానికి పోవచ్చు.

ఈఎంఐ దగ్గర తొందరపడకండి. ఎనిమిది లక్షలు తొమ్మిది శాతానికి అయిదేళ్లకి తీసుకుంటే నెలకి సుమారు 16,600. ఏడేళ్లకి పెడితే 12,900. నెలకి మూడున్నర వేలు తగ్గిందని సంబరమే, కానీ మొత్తం మీద 85 వేలు ఎక్కువ కడతారు. పాత బండి లోనుకి వడ్డీ ఇంకా ఎక్కువ. అందుకే పాతది కొంటే చేతిలో ఉన్న డబ్బుకి సరిపడేదే కొనండి.

ఇక నా పరువు నేనే తీసుకునే కథ ఒకటి చెబుతాను. మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ పూర్తిగా తెలీదు.

ముప్పై రెండేళ్లు ఆర్టీసీ గ్యారేజీలో బస్సుల కింద పడుకున్నవాణ్ణి నేను. ఇంజిన్ శబ్దం వింటే చాలు, ఏ సిలిండర్ మొరాయిస్తోందో చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి 2015లో ఒక పాత కారు కొన్నాను, విశాఖలో ఒక బ్రోకరు దగ్గర. ఇంజిన్ గంటలా మోగింది. లోపల మల్లెపూల సెంటు గుప్పుమంది. సీట్లకి కొత్త కవర్లు, కింద కొత్త మ్యాట్లు. అప్పటికి హుద్‌హుద్ వచ్చి, 2014 అక్టోబర్ 12న, నాలుగు నెలలు కాలేదు. పాత కారుకి కొత్త మ్యాట్లు ఎందుకేశారు, సెంటు ఎందుకు కొట్టారు అని ఒక్క క్షణం ఆలోచించలేదు. బస్సులకి మ్యాట్లుంటాయా, సెంటుంటుందా, నాకేం తెలుసు?

రెండో నెలలో పవర్ విండోలు ఆగిపోయాయి. తర్వాత హారన్ దానంతటది మోగడం మొదలెట్టింది. సాలూరు ఘాట్‌లో రాత్రి పూట హెడ్‌లైట్లు ఆరిపోయాయి, మీ అత్తయ్య టార్చి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగాను. ఇంటికొచ్చి వెనక సీటు విప్పితే అడుగున మెత్తని ఒండ్రు, వైరింగ్ కట్టకి పచ్చగా చిలుం. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే చివర జానెడు మేర మట్టి చార. నీళ్లు ఎంతవరకు వచ్చాయో కొలబద్దలా కనిపించింది. కొన్న రోజున ఆ బెల్టు లాగి ఉంటే అక్కడే తెలిసిపోయేది, ఒక్క నిమిషం పని. ఆ బండిని తుక్కు రేటుకి ఇచ్చేశాను.

ఇప్పుడు అల్లుడికి నచ్చిన ఎర్ర డీజిల్ సంగతికొస్తాను. అమ్మేవాడు మార్కెట్ కన్నా లక్షన్నర తక్కువకి ఇస్తున్నాడు, అర్జెంటు అంటున్నాడు. నంబరు ఏపీ 39. పూర్వం ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం అని ఇట్టే తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఒకటే 39 సిరీస్ పెట్టాక నంబరు చూస్తే ఊరు తెలీదు. ఆర్సీలో అడ్రసు చూడాలి. అల్లుడు పంపిన ఆర్సీ ఫోటోని పెద్దది చేసి చూశాను. విజయవాడ అడ్రసు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు పైకప్పుల దాకా మునగడం మనమంతా టీవీలో చూశాం. ఈ బండి మునిగిందని నేననడం లేదు. విజయవాడ బండ్లన్నీ మునిగాయా ఏంటి? కానీ ఆ ఊరు, ఆ ధర, ఆ తొందర మూడూ ఒకచోట చేరితే నేను దగ్గరికి కూడా వెళ్లను. పైగా డీజిల్. వదిలెయ్యమను.

నాకు నచ్చింది మీ హెడ్‌మాస్టారు గారి 2021 బ్రెజా పెట్రోల్. ఒకే ఓనరు, నలభై వేల కిలోమీటర్లు, ఇంటి నుంచి స్కూలుకి, స్కూలు నుంచి ఇంటికి. పైగా రోజూ మొహం చూసుకోవాల్సిన మనిషి, అబద్ధం చెప్పి ఎక్కడికి పోతాడు? అయినా చూడాల్సినవి చూడాల్సిందే. మొహమాటపడకు.

పొద్దున్నే వెళ్లాలి, ఇంజిన్ చల్లగా ఉండగా. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, ఇంకో రోజు వస్తామని చెప్పి టీ తాగి వచ్చెయ్యి. చల్లటి ఇంజిన్ మొదటిసారి అందుకునేటప్పుడే నిజం చెబుతుంది. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని గుర్తు. తెల్ల పొగ బండి వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, లోపలికి పోతోందని అనుమానించాలి. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే దాని కింద మీగడలాంటిది ఉండకూడదు.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో ఇరవై మూడో వారం. అసలు టైర్లే అయితే స్టెప్నీతో సహా తారీఖులు దగ్గరదగ్గరగా ఉంటాయి. నలభై వేలకే నాలుగూ కొత్త టైర్లు వేసి ఉంటే మీటరు మీద నాకు నమ్మకం తగ్గుతుంది. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, గేరు నాబ్ చూడు. మీటరు వెనక్కి తిప్పగలరు కానీ అరిగిన రబ్బరుని ఎవరూ వెనక్కి తిప్పలేరు. సర్వీసు బిల్లులు అడుగు. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఓనరే అడిగితే ఏ తారీఖుకి ఎన్ని కిలోమీటర్లో చెబుతారు.

తలుపు రబ్బరు చేత్తో లాగి చూస్తే లోపల కంపెనీ వెల్డింగ్ గుండ్రటి చుక్కలుగా ఉంటుంది. ఆ చుక్కలు మాయమైతే అక్కడ గుద్దుకుని బాగు చేయించారు. బంపరు గీతలకి భయపడకు, మన ఊళ్లో ఆటోలున్నన్నాళ్లూ అవి తప్పవు.

అన్నిటికన్నా ముఖ్యం అడుగు. వాటర్ సర్వీసింగ్ చేసే చోట ర్యాంపు మీద ఎక్కించమను, పావుగంట పని. ఆ హెడ్‌మాస్టారి అత్తవారు కళింగపట్నం అన్నావు కదా. సముద్రపు గాలి మన దగ్గర ఇనుముని తినేస్తుంది. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది, కింద బ్రేకు పైపులు, సైలెన్సర్, సస్పెన్షన్ బిగించే చోట్లు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతుంటాయి. పైపైన ఎర్ర మచ్చలైతే పర్లేదు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొర ఊడి వచ్చేలా ఉంటే ఎంత తగ్గించినా వద్దు. మీరు నెలనెలా వెళ్లే కవిటీ సముద్రం పక్కే. ఏ బండి కొన్నా ఏడాదికోసారి అడుగు భాగం కడిగించి యాంటీ రస్ట్ కోటింగ్ చూపించండి. ఇంకోటి, కవిటి ఉద్దానం తోటల్లో కొబ్బరి చెట్టు కింద పార్క్ చెయ్యొద్దని అల్లుడికి గట్టిగా చెప్పు. కాయ పడితే అద్దం బిల్లు చూసి వాళ్ల నాన్న తోట అని కూడా చూడడు.

నడిపేటప్పుడు మీ అత్తగారిని తీసుకెళ్లు. ఆవిడ ఎక్కడం, దిగడం రెండూ చూడాలి. ఎత్తు సీటు మోకాళ్లకి మంచిదే, మరీ ఎత్తైతే పాదం అందదు. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు, 198, 208 మిల్లీమీటర్లు అని కాగితం మీద చెప్పేది ఖాళీ బండికి. ఐదుగురు ఎక్కి, బస్తా పెట్టాక స్పీడ్ బ్రేకర్ మీద ఎక్కించి చూడండి. ఏసీ వేసి, బండి ఆపి పది నిమిషాలు వెనక సీట్లో కూర్చో.

కాగితాలు. ఆర్సీలో బ్యాంకు పేరుంటే లోను తీరినట్టు ఎన్‌ఓసీ, ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 చేతికొచ్చే దాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు. చలాన్లు చూసుకో. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరుకి మారాలి. ఆయన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆయనదే, మీకు రాదు, కాబట్టి ప్రీమియం కాస్త పెరుగుతుంది. "తర్వాత మార్చుకుందాం లెండి" అని హెడ్‌మాస్టారు అంటే నవ్వి ఊరుకో, కానీ ఆ వారమే మార్పించు. పర్లాకిమిడి వైపు ఒడిశా బండి చవగ్గా ఉందని ఎవరైనా చెబితే, అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకుంటే ఆ చవక ఎటు పోయిందో కనిపించదు.

ఒక లోటు మాత్రం చెప్పాలి. ఆ ఏడాది బ్రెజాకి ఎయిర్‌బ్యాగులు ముందు రెండే. ఇప్పటి కొత్త బండ్లలో ఆరు వస్తున్నాయి. చిన్నది ఇంకా చైల్డ్ సీట్లో కూర్చునే వయసే. నీ మనసు అక్కడ పీకుతుంటే పాతది మానెయ్యి, తప్పులేదు, నేనూ అదే చేస్తానేమో. అప్పుడు నెక్సాన్ పెట్రోల్ మధ్య వేరియంట్ చూడండి. మన దేశంలో తయారై గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి కారు అది, 2018 డిసెంబర్‌లో. సన్‌రూఫ్‌కి డబ్బు తగలెయ్యొద్దు. మన ఎండలకి దాన్ని తెరిచేదెవరు?

కొత్తదైతే ధనుర్మాసంలో బేరం బాగా కుదురుతుంది. శూన్యమాసమని మనవాళ్లు కొనరు, అదే సమయానికి షోరూమ్ వాళ్లు ఏడాది చివర స్టాకు వదిలించుకోవాలని చూస్తారు. డబ్బు అప్పుడు కట్టి, మీ అత్తగారి మాట కాదనకుండా డెలివరీ సంక్రాంతి నాడు తీసుకోండి. కాకపోతే బండి తయారైన నెల, సంవత్సరం అడగండి. జనవరిలో రిజిస్టర్ చేసినా అంతకు ముందు ఏడాది తయారైందైతే రేపు అమ్మేటప్పుడు పాత ఏడాది కిందే లెక్కేస్తారు. ఆ మేరకు తగ్గించమను.

వచ్చే ఆదివారం మొదటి బస్సుకి బయలుదేరి వస్తాను. హెడ్‌మాస్టారు గారికి నేనొస్తున్నట్టు చెప్పు, మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని కూడా చెప్పు. అల్లుణ్ణి ఒక టార్చి, పాత లుంగీ ఒకటి తెమ్మను. కిందికి దూరేది నేను కాదు, ఈసారి అతనే.

మీ మావయ్య